అట్టలేని నవల

ఆగస్టు 3, ఆదివారం

పుస్తకాల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నుంచీ ఫొటోలే ఫొటోలు. ఆదివారం వస్తే ఎవరేం చదువుతున్నారో పెట్టాలి, అదీ ఇక్కడి పద్ధతి. ఉద్యోగం కోసం, పరీక్ష కోసం చదివేవి పెట్టకూడదు. ఊరికే హాయి కోసం చదివేవే. పుస్తకం, పక్కన చాయ్ కప్పు. అడ్మిన్ ఓంప్రకాశ్ గారు రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్. చాయ్ లేని ఫొటోకి లైక్ కొట్టరు. పాపం ఆ బ్యాంకులో కస్టమర్లు ఎన్ని తిప్పలు పడ్డారో.

నేను ఫొటో పెట్టను. ఒక పేజీ చదివి వాయిస్ నోట్ పెడతాను. ఫొటోలో కిటికీ పడుతుంది, గోడ పడుతుంది, వీధి పడుతుంది. నేను వరంగల్‌లో ఉన్న సంగతి సుదర్శన్‌కి తెలియకూడదు. తెలిస్తే వస్తాడు. వస్తే ఈసారి చెయ్యి విరగ్గొట్టి ఊరుకోడు, తనే చెప్పాడు ఆ మాట, అన్నంలో పప్పు కలుపుకుంటూ.

మరి గొంతు సంగతేంటి అని నన్ను నేనే అడిగాను. పుస్తకాలున్న చోటికి సుదర్శన్ రాడు. కాపురం చేసినన్నాళ్లూ ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. ఈ గ్రూపు కంటే భద్రమైన చోటు నాకు ఇంకోటి కనిపించడం లేదు. పైగా ఇక్కడ నేను సుభాషిణిని కాదు, సుభని.

ఆగస్టు 6, బుధవారం

నేను టైపింగ్ చేసే డీటీపీ సెంటర్ నుంచి వచ్చేసరికి కాశిబుగ్గ అంతా బురద. కింద ఇంటావిడ సుల్తానా బేగం గారు కారప్పూస పెట్టి కూర్చోబెట్టింది. అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తారు, నేనూ అదే అంటాను. మీ ఆయన ఫోన్ చేశాడా అని అడిగింది. చేశాడన్నాను.

ఇల్లు అడగడానికి వచ్చిన రోజు మా ఆయన దుబాయ్‌లో ఉన్నాడని చెప్పాను. ఒంటరి ఆడదానికి ఇల్లు దొరకాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ మనిషి క్షేమంగా తిరిగి రావాలని ఖాలా ప్రతి నమాజులో దువా చేస్తుందట. ఆపమని ఎట్లా చెప్పను?

ఆగస్టు 10, ఆదివారం

ఈరోజు నా నవల బయటికి తీశాను. జగిత్యాలలో ఇంట్లోంచి బయటపడ్డ రోజు బట్టలతో పాటు సంచిలో పడ్డ ఒకే ఒక్క పుస్తకం. అట్ట లేదు, పేరు లేదు, రాసిందెవరో తెలియదు. అమ్మ చదివేది, తర్వాత నేను. ఒక చిన్న రైల్వే స్టేషన్‌లో స్టేషన్ మాస్టర్ భార్య మాయమైపోతుంది. చెల్లెలు వెతుక్కుంటూ వస్తుంది. భయం పుట్టించే కథే. కానీ ఎక్కడ భయం వస్తుందో నాకు ముందే తెలుసు. ఇంట్లో అట్లా ఉండేది కాదు. అందుకే నాకు ఈ నవలంటే ప్రాణం.

చెల్లెలు రాత్రి లాంతరు పట్టుకుని గూడ్స్ షెడ్ వైపు నడిచే పేజీ చదివి పెట్టాను. ఒకటే మెసేజ్‌లు. ముగింపు ఏంటని అడిగారు. చివరి పేజీలు లేవు, ఎలుకలు కొట్టేశాయని చెప్పాను.

ఎలుకలు కాదు. సుదర్శన్ చింపాడు. నేను ఏ పుస్తకం చదువుతున్నా చివరి పేజీలు చింపి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. బుద్ధిగా ఉంటే ఇస్తా అనేవాడు. అరిచేవాడు కాదు, నవ్వుతూనే అనేవాడు. మెడికల్ షాపులో గిరాకీలతో కూడా అదే నవ్వు. ఊళ్లో అతనంత మంచివాడు లేడు. కొన్ని పేజీలు తిరిగి వచ్చేవి. దీనివి రాలేదు. అమ్మ ఉండగా ఈ ముగింపు అడిగి తెలుసుకోవాల్సింది. ఎప్పుడైనా చదువుకోవచ్చులే అనుకున్నాను.

ఆగస్టు 14, గురువారం

గ్రూపులో అరుణ గారని ఒకావిడ ఉన్నారు. ఈమధ్యే చేరారు. ఈరోజు విడిగా మెసేజ్ పెట్టారు. నా గొంతు వింటుంటే మనసుకి చాలా శాంతిగా ఉందట. ఆ నవల తను కూడా ఎప్పుడో చూసిన గుర్తట. చెల్లెలి మీద కాదు, స్టేషన్ మాస్టర్ మీద తనకి జాలి అన్నారు. పాపం అతను ఎంత వెతికాడో కదా అని.

నాకెప్పుడూ అట్లా తోచలేదు. ఒప్పుకోలేదు కూడా. చాలాసేపు వాదించుకున్నాం. అన్నం మాడిపోయింది. ఎన్నాళ్లయింది ఇట్లా ఒక మనిషితో పుస్తకం గురించి కొట్లాడి.

ఆగస్టు 19, మంగళవారం

అరుణ గారు రోజూ మాట్లాడుతున్నారు. టైపింగ్ మాత్రమే, ఫోన్ ఎత్తరు. ఇంట్లో పెద్దవాళ్లు పడుకుని ఉంటారట. నేను చెప్పిన పుస్తకాలన్నీ తెప్పించుకుని చదువుతున్నారు. ఊరికే చదవడం కాదు. ఏ పేజీలో ఏ మాట నాకు నచ్చి ఉంటుందో చెప్తారు. చాలావరకు సరిగ్గానే చెప్తారు.

నా వాయిస్ నోట్ వెనకాల టక్ టక్‌మని ఏదో వినపడుతోంది, ఏంటమ్మా అని అడిగారు. ఇంటి వెనక మొగిలయ్య తాత నూలు తివాచీలు, జంపఖానాలు నేసే మగ్గం అని చెప్పాను. పడుకునే ముందు ఆ చప్పుడు వింటుంటే నిద్ర పడుతుందని కూడా చెప్పాను. జంపఖానాలంటే ఇష్టమన్నారు. మగ్గం మీదున్న దాని ఫొటో తీసి పంపాను. ఎరుపు మీద నల్ల నెమళ్లు. ఇల్లు పడలేదు, వీధి పడలేదు, రెండుసార్లు చూసుకున్నాను.

ఆగస్టు 24, ఆదివారం

గ్రూపులో అరుణ గారి ఫొటో వచ్చింది. పుస్తకం, చాయ్. చాయ్ మీద మీగడ కట్టింది. తాగేవాళ్లు చాయ్ అట్లా వదిలేయరు. చాయ్ ఫొటో కోసమే పెట్టినట్టుంది. ఎందుకో నచ్చలేదు.

నాకు అన్నింట్లోనూ అనుమానమే. ఇది కూడా సుదర్శన్ ఇచ్చిన రోగమే.

ఆగస్టు 28, గురువారం

అరుణ గారు అడిగారు: ఎలుకలు కొడితే మధ్య పేజీలు కూడా పోవాలి కదా సుభా, చివరివే ఎట్లా పోయాయి?

ఫోన్ బోర్లా పెట్టి బట్టలు ఉతుక్కున్నాను.

ఆగస్టు 31, ఆదివారం

పొద్దున అరుణ గారి మెసేజ్. నీకో కానుక అని. కింద ఒక ఫొటో.

నా నవల తర్వాతి పేజీ. పుస్తకం తెచ్చి పక్కన పెట్టి చూశాను. నా దగ్గర చివరి వాక్యం సగంలో ఆగుతుంది, చెల్లెలు గూడ్స్ షెడ్ తలుపు మీద చెయ్యి వేసిందని. ఫొటోలో మిగతా సగం ఉంది. సంతోషంతో నిజంగానే అరిచాను. ఆపుకోలేక చదివేశాను. తలుపు తెరుస్తుంది. లోపల అక్క బతికే ఉంది. మాట్లాడకు, మీ బావ నీ వెనకాలే వచ్చాడు అంటుంది. పేజీ అయిపోయింది.

అప్పుడు చూశాను. కాగితం ఎడమ అంచు చింపులు చింపులుగా ఉంది. మధ్యలో మడత, అడ్డంగా ఇంకో మడత. నాలుగు మడతలు.

ఫొటో కింద రాసి ఉంది: మిగతావి కలిసినప్పుడు ఇస్తాను.

ఇన్నాళ్లూ నాతో పుస్తకాల గురించి మాట్లాడింది వాడు. నా కోసం చదివాడు. నేను పుస్తకాలున్న చోటే ఉంటానని తెలిసి, పుస్తకాలు చదవడం నేర్చుకుని మరీ వచ్చాడు. నాకు దొరికిన ఒక్క స్నేహితురాలు వాడు. అసహ్యమేసింది. అయినా దాన్ని మించిన బాధ ఇంకోటుంది, ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పుకోలేను. రేపు ఆ కబుర్లు ఉండవని ఏడుపొచ్చింది.

సెప్టెంబర్ 1, సోమవారం

బ్లాక్ చేస్తే నాకు తెలిసిపోయిందని వాడికి తెలుస్తుంది. థాంక్స్ అండీ అని పెట్టాను. పువ్వు బొమ్మ కూడా పెట్టాను.

సెప్టెంబర్ 2, మంగళవారం

డీటీపీ సెంటర్‌లో ఎవరిదో థీసిస్ టైప్ చేస్తూ మధ్యలో ఆగిపోయాను. జంపఖానా. ఆ మాట వింటే మన రాష్ట్రంలో ఎవరికైనా ఏ ఊరు గుర్తొస్తుంది? వరంగలే. కిటికీ పడలేదని మురిసిపోయాను. ఊరి పేరే పంపించాను.

అయినా ఊరు పెద్దది. మగ్గాలు చాలా ఉన్నాయి. నల్ల నెమళ్లు అందరూ నేస్తారు.

సెప్టెంబర్ 5, శుక్రవారం

మిలాద్ జులూస్, ప్రవక్త పుట్టినరోజు ఊరేగింపు. వీధంతా పచ్చజెండాలతో నిండిపోయింది. అవతలి సందులో గణేశుని మండపం, రేపు నిమజ్జనం. ఆ సందడిలో మొగిలయ్య తాత నన్ను పిలిచి సంబరంగా చెప్పాడు. నిన్న ఒక సారు వచ్చాడట. మాట చాలా నెమ్మదట. ఫోన్‌లో ఒక ఫొటో చూపించి అచ్చం ఇట్లాంటిదే కావాలన్నాడట. అది తాత మగ్గం మీదిదే. వీధి వీధి తిరిగి, మగ్గం మగ్గం అడిగి, చివరికి తన దగ్గరికి వచ్చాడట. ఇట్లా కళ తెలిసినవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు అని తాత మురిసిపోయాడు.

ఏం అడిగాడు అన్నాను. నెమళ్ల గురించి అడిగాడట. రంగుల గురించి అడిగాడట. పైన ఎవరుంటారని అడిగాడట.

ఏం చెప్పావు తాతా అన్నాను.

"దుబాయ్ సారు పెండ్లాం ఉంటదని చెప్పిన. మస్తు మంచి పిల్ల, ఎప్పుడు జూసినా బుక్కే చదువుకుంటుంటదని చెప్పిన."

సెప్టెంబర్ 5, సాయంత్రం

హనుమకొండలో లేడీస్ హాస్టల్‌కి ఫోన్ చేశాను. సోమవారం ఒక బెడ్ ఖాళీ అవుతుందన్నారు. ఇంకో రెండింటికి చేశాను, లేవు. సోమవారం దాకా ఆగాలి.

ఖాలాకి చెప్పాలి. మెట్లు దిగాను కూడా. గది నిండా చుట్టాలు, పిల్లలు. ఆమె నన్ను దగ్గరికి లాక్కుని నోట్లో సేమ్యా పెట్టి, ఇదిగో మా పైనింటి బిడ్డ, భర్త దుబాయ్‌లో అని అందరికీ చెప్పింది. అందరూ నన్ను చూసి నవ్వారు. ఏమని మొదలుపెట్టను? నీ దువాలన్నీ ఎవరి కోసం చేశావో తెలుసా అనా? అబద్ధం చెప్పినదాన్ని ఇంట్లో ఉంచుకుంటుందా? తినేసి పైకి వచ్చాను.

ఇది పిరికితనం. నాకు తెలుసు.

సెప్టెంబర్ 6, శనివారం

సంచి సర్దాను. వీధిలో డీజే చప్పుడుకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. పొద్దున్నే వెళ్లాల్సింది, బస్టాండ్‌లో అయినా కూర్చోవాల్సింది. వీధి చివర టీ కొట్టు దగ్గర ఒకతను వీపు తిప్పుకుని నిలబడ్డాడు. అతనే అనుకున్నాను. తిరిగాడు, కాదు. కాసేపటికి ఇంకొకతను. ఊళ్లో మగవాళ్లందరి వీపులూ ఒకేలా ఉన్నాయి. బయటికి అడుగు పెట్టలేకపోయాను.

అరుణ మెసేజ్ లేదు. మూడు రోజులుగా లేదు.

సెప్టెంబర్ 7, ఆదివారం, పొద్దున

ఆదివారం కదా, గ్రూపు నిండా ఫొటోలు. అరుణది కూడా ఉంది. పుస్తకం లేదు. మడతలు విప్పిన కాగితాలు, పక్కన చాయ్. ఈసారి చాయ్ సగం తాగి ఉంది. ఓంప్రకాశ్ గారు లైక్ కొట్టారు. ఏం చదువుతున్నారమ్మా అని ఎవరో అడిగారు. ఒక నవల ముగింపు, ఈరోజు పూర్తవుతుంది అని అరుణ జవాబు.

కప్పు మీద నీలం పువ్వులున్నాయి. అది ఖాలా కప్పు. దానికి ఒక పక్క అంచు విరిగి ఉంటుంది. చుట్టాలకి కొత్త కప్పులు తీస్తుంది, సొంతవాళ్లకి ఆ కప్పులో పోస్తుంది.

కింది నుంచి ఆమె గొంతు వినపడింది. అంత సంతోషం ఆ గొంతులో ఎప్పుడూ వినలేదు.

"సుభా, జర కిందికి రా బిడ్డా. మీ ఆయన వచ్చిండు. దుబాయ్ నుంచేనా అంటే అవునన్నడు. నా దువా ఊకెనే పోలే."

సెప్టెంబర్ 7, ఇంకా పొద్దునే

తలుపు గడియ వేశాను. 100కి చేశాను, వస్తున్నామన్నారు. ఖాలా రెండోసారి పిలిచింది. నేనే పైకి పోతా అని వాడి గొంతు, అదే నవ్వు.

ఇది రాసి పెన్ను పక్కన పెడతాను. గ్రూపులో మైకు నొక్కుతాను. నా పేరు సుభాషిణి, ఈ ఆదివారం నేను చదువుతున్నది ఇది అని చెప్పి, ఈ డైరీ ఆగస్టు మూడో తారీఖు నుంచి మొదలుపెడతాను. మెట్ల వైపు తిరిగి గట్టిగా చదువుతాను. కింద ఖాలాకి కూడా వినపడాలి.