జీపుకు పాత టైర్లే బిగించాను

అన్నయ్యా,

నాది ఉత్త మొండితనమేనా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. కాదు.

నువ్వు తెచ్చిన పెద్ద టైర్లు షెడ్డులో పెట్టాను, ఎండలో వదిలేయకు. "పుస్తకాల పురుగువి, నీకు టైర్ల సంగతేం తెలుసురా?" అన్నావు. పాత టైరు మీద ఉన్నదే చదివాను. 235 వెడల్పు, మిల్లీమీటర్లలో. పక్కనున్న 75 మిల్లీమీటర్లు కాదు; రిమ్ము నుంచి టైరు ఎత్తు ఆ వెడల్పులో అంత శాతమని. నువ్వు 75కు బదులు 85 ఉన్నవి వేసి "పది మిల్లీమీటర్లేగా" అన్నావు. పైనా కిందా కలిపి చక్రం ఎత్తు నలభై ఏడు మిల్లీమీటర్లు పెరిగింది. స్టీరింగు పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకు పట్టేస్తోంది. వదిన డ్యూటీకి వెళ్లే కొండదారి నిండా మలుపులే. ఈ ఒక్క విషయంలో నీ మాట వినను.

పాతవి బిగించేశాను. ఈ రోజు వదినను నేనే దించుతాను.

జాకీ తిప్పింది వదినే. తిట్లు ఇద్దరికీ సమానంగా పంచు. వదిన బండి స్టార్టు చేసి పిలుస్తోంది, వెళ్తున్నాం.