వరండా దాటని మధ్యవర్తి

చీరాల, జూన్ 3

మార్క్ గారికి నమస్కారం.

నిన్న మీ కంపెనీ మనిషి వచ్చి, మా డిజైన్ల డిస్కుకూ గుంటూరులోని మీ సర్వర్‌కూ మధ్య ఒక కంప్యూటర్ పెట్టి వెళ్లాడు. డిస్కు తనంతట తాను ఏదీ పంపలేదట. ఈ మధ్యవర్తి రోజూ చదివి, కాపీ తీసి మీకు పంపుతుందట. మా సంఘం చీరల డిజైన్లు 412 అందులోనే ఉన్నాయి. దసరా ఆర్డర్లన్నీ వాటిమీదే. జాగ్రత్త.

ఇట్లు,
సామ్రాజ్యం, కార్యదర్శి, నేత సంఘం

తా.క.: ఆ కంప్యూటర్‌ది ఏ ఊరు?

గుంటూరు, జూన్ 5

సామ్రాజ్యం గారికి,

దానికి ఊరు లేదండి. మీ డిస్కులో దానికి ఒక యూజర్ పేరు, చదివే అనుమతి ఇవ్వండి. అనుమతి ఉన్నంతవరకే చూస్తుంది. చూసిందే పంపుతుంది.

భవదీయుడు,
మార్క్

తా.క.: అది ఎవరితోనూ మాట్లాడదు.

చీరాల, ఆగస్టు 21

మార్క్ గారూ,

పొద్దున పిడుగు పడి డిస్కు మాడిపోయింది. అరవై మగ్గాలు ఆగిపోయాయి. రోజూ ‘బ్యాకప్ విజయవంతం’ అని మెసేజ్ పెట్టారుగా, 412 డిజైన్లూ వెంటనే పంపండి.

సామ్రాజ్యం

తా.క.: మీ మాట నమ్మి, డిజైన్లు గీసిన పాత గ్రాఫు కాగితాలన్నీ చిత్తుకాగితాలవాడికి వేసేశాం.

గుంటూరు, ఆగస్టు 21

అమ్మా,

తెరిచి చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. డెబ్బై ఆరు రోజులు, డెబ్బై ఆరు కాపీలు. ప్రతిదాంట్లో ఒకటే ఫైలు: సిబ్బంది సెలవుల జాబితా. డిజైన్ల ఫోల్డర్‌కి అనుమతి ఎవరు తీసేశారండీ? కనబడిందంతా పంపేసింది కాబట్టి పని విజయవంతం అనుకుంది అది. ఒక్కసారైనా తెరిచి చూడకపోవడం నా తప్పు.

మార్క్

తా.క.: మీ సిబ్బందిలో సంతోషకుమారి గారు నిన్న సెలవు అడిగారు. అది మాత్రం భద్రంగా ఉంది.

చీరాల, ఆగస్టు 23

మార్క్ గారికి,

అనుమతి తీసింది నేనే. చీర మగ్గం దిగేదాకా డిజైన్ ఇంటల్లుడికే చూపించం, ఊరూ పేరూ లేనిదానికి చూపిస్తామా? మూట విప్పి చూడకుండానే మోసుకెళ్తుందనుకుని, వరండా వరకే రానిచ్చాను.

నిన్న సిగ్గు చంపుకుని పక్కవీధి షాపు శివనాగరాజు దగ్గరికి వెళ్లాను. మాకు పోటీ అతనే. మా పాత చీరలేమైనా ఉంటే ఇమ్మని అడిగాను.

“చీరలెందుకక్కా, కూర్చో” అని కంప్యూటర్ తెరిచాడు. 412 డిజైన్లూ ఉన్నాయి. తేదీలవారీగా! పోయిన వారం గీసిన మామిడిపిందెల అంచుతో సహా.

“ఒరేయ్, ఎవరిచ్చార్రా ఇవి?”

“మీ అధ్యక్షుడు పానకాలు బాబాయేగా. శనివారం శనివారం తెచ్చిస్తాడు. మూడేళ్లలో ఒక్క వారం తప్పలేదు.”

డిజైన్లు తెచ్చుకున్నాను. మగ్గాలు ఆడుతున్నాయి.

ఉంటాను,
సామ్రాజ్యం

తా.క.: పానకాలుని తీసేద్దామని నిన్న సాయంత్రమే సమావేశం పెట్టాను. మీ కంపెనీని తీసేసి, బ్యాకప్ పని ఆయనకే అప్పజెప్పాలని తీర్మానమైంది.