గుండీల డబ్బా

డాక్టరు గారికి నమస్కారాలు.

వచ్చే సోమవారం మీరు మెడ ఆపరేషన్ చేయబోయే దర్జీని నేనే. మీ ఫారంలో పొగ తాగుతారా అన్న చోట లేదని రాయించాను. అది అబద్ధం. రోజుకు ఎనిమిది సిగరెట్లు తాగుతాను. పెట్టె కుట్టుమిషను సొరుగులో, గుండీల డబ్బా అడుగున దాస్తాను.

పొగ తాగేవాళ్ళకు మెడలో ఎముక సరిగా అతుక్కోదని, పుండు త్వరగా మానదని నర్సమ్మ ఇంకెవరికో చెబుతుంటే విన్నాను. షుగరు ఎలాగూ ఉంది. కుట్టు సరిగా పడలేదని విప్పి మళ్ళీ కుట్టడానికి మెడేమైనా జాకెట్టా? ఆపరేషన్ వాయిదా వేయాలంటే వేయండి. సిగరెట్లు ఈ రోజే మానేస్తాను.

ఆ రోజు మీకు భయపడి దాచలేదు. ఫారం నింపింది మా అమ్మాయి. వాళ్ళమ్మ పోయినప్పుడే మానేశానని దాన్ని నమ్మించాను.

వేళ్ళు తిమ్మిరెక్కి సూదే కాదు, కలం కూడా నిలవడం లేదు. అందుకని ఈ ఉత్తరమూ దాని చేతే రాయిస్తున్నాను. అబద్ధం అన్న మాట దగ్గర ఆగి, నా మొహంలోకి చూసి, "ఊఁ, తర్వాత?" అంది. అంతే, మళ్ళీ తల వంచుకుని రాసింది.

ఇప్పుడే లేచి వెళ్ళి, గుండీల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఎనిమిదేనా నాన్నా?"

పన్నెండు, డాక్టరు గారూ.