గుడ్లగూబ ప్యాచ్

మార్చి 3, సోమవారం

బావ మళ్లీ నొక్కాడు. అప్‌గ్రేడ్ బటన్ కనిపిస్తే ఆయన వేలు ఆగదు. మా పళ్ల ల్యాబ్‌లో మూడు కంప్యూటర్లకీ ‘నొక్కొద్దు’ అని నేనే కాగితం అంటించాను. దాన్ని పక్కకి జరిపి మరీ నొక్కాడు. మూడు తెరలూ నల్లగా ఉన్నాయి.

కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపించే కెర్నల్ పాతదుంటే దాంతో బూట్ చేద్దామని చూశాను. లేదు. డిస్క్ నిండిపోయిందని పాతవన్నీ తనే తుడిచేశాడట. ఇల్లు ఊడ్చి పెట్టినంత గర్వంగా చెప్పాడు. ఒళ్లు మండిపోయింది. అక్క మొగుడు కాబట్టి బతికిపోయాడు.

అక్క పళ్లు డిజైన్ చేస్తుంది. డాక్టరమ్మ పంపిన స్కాన్‌ని తెర మీద అటూ ఇటూ తిప్పుతూ, ఊడిపోయిన పన్ను చోట కొత్తది గీస్తుంది. దాన్నే మెషీన్ చెక్కుతుంది. తెర లేకపోతే పన్ను లేదు. శుక్రవారానికి ఎవరికో ముందు పళ్లు ఇవ్వాలి. ఇంకోసారి ఆలస్యమైతే పనంతా వేరే ల్యాబ్‌కి ఇచ్చేస్తానని డాక్టరమ్మ పోయిన నెలే చెప్పేసింది. ఆవిడ పోతే ఇక మేం షట్టర్ దించుకోవడమే.

అదే రోజు, మధ్యాహ్నం

ఊరికే దొరికే ఓపెన్ డ్రైవర్‌తో తెర వెలిగింది. కానీ పన్ను తిప్పబోతే కుంటుకుంటూ కదులుతోంది. ఇలా అయితే ఒక్కదానికే వారం పడుతుందంది అక్క. తెరకి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు కొత్తది పెడదామంటే ఈ పాత పెట్టెల్లో పట్టదు. మా కార్డు చేసిన కంపెనీ ఎప్పుడో చేతులు దులుపుకుంది. వాళ్లు వదిలేసిన డ్రైవర్‌ని, కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా అతుకులేసి నడిపిస్తున్నది ఒకే ఒక్క మనిషి. ఎవరో, ఎక్కడుంటాడో తెలీదు. ఆ డ్రైవర్ పెట్టే పేజీలో అతని ఫొటో ఉండాల్సిన చోట గుడ్లగూబ బొమ్మ ఉంటుంది. ఈసారి అతని అతుకు, అదే ప్యాచ్, రాలేదు.

మార్చి 4

ప్రతిసారిలాగే గుడ్లగూబని తిడుతూ రాశాను. చేతకాకపోతే పేజీ మూసేసి పొమ్మని, నీ బద్ధకం వల్ల ఇక్కడొక ల్యాబ్ మూతపడుతోందని రాశాను. ఇంకా చాలా రాశాను, అవి డైరీలో కూడా పెట్టుకోలేను. పంపాక ప్రాణం హాయిగా ఉంది.

సాయంత్రానికి ప్యాచ్ వచ్చింది. పక్కన ఒక్క మాట లేదు. ఎక్కించాను. నల్ల తెర. మళ్లీ తిట్టాను.

మార్చి 5, ఉదయం

గుడ్లగూబ జవాబిచ్చాడు.

అతని కార్డు రెండేళ్ల కిందటే కాలిపోయిందట. అప్పట్నుంచీ అంచనా మీదే ప్యాచ్‌లు రాస్తున్నాడట. తెర వెలిగిందో లేదో చూసుకునే దారే లేదట. నేను తిడితే పనిచేయలేదని, ఊరుకుంటే పనిచేసిందని అనుకుంటున్నాడట. నేను తప్ప ఎవరూ ఒక్క అక్షరం రాయరట. వాడుతున్నది మీరొక్కరేనేమో, మీరు తిట్టినన్నాళ్లూ చేద్దామనుకున్నాను అన్నాడు.

సిగ్గేసింది. ఆ వెంటనే అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. రెండేళ్ల పాటు నోరు కుట్టేసుకుని కూర్చున్నాడా ఈ మనిషి? ఒక్క మాట చెప్పుంటే ఎక్కడ ఆగిందో చెప్పే లాగ్ పంపేదాన్ని, తెర ఫొటో తీసి పంపేదాన్ని. అతని మంచితనం తగలెయ్య. ఈ మాటే అతనికీ రాశాను, కాస్త మర్యాదగా.

మార్చి 6

పొద్దున్నుంచీ ఇద్దరం కుస్తీ. అతను ఒక లైన్ మార్చి పంపుతాడు, నేను కంపైల్ చేసి రీబూట్ చేస్తాను. నల్లగా ఉంది. ఇప్పుడూ నల్లగానే ఉంది. ఈసారి ఒక్క క్షణం మెరిసి చచ్చింది. ఆ మెరుపు గురించి అతను అడిగినన్ని ప్రశ్నలు పోలీసులు కూడా అడగరు. ఏ మూల, ఏ రంగు, కర్సర్ కనిపించిందా, కనిపిస్తే కదిలిందా.

బావ తలుపు దగ్గర నిలబడి అయిందా అని అడిగాడు. అక్క ఆయన్ని భుజం పట్టి బయటికి నడిపించింది. ఇంకోసారి ఈ గదిలో ఆ వేలు కనిపించిందంటే పన్నుకి బదులు దాన్నే మెషీన్‌లో పెట్టి చెక్కిస్తానంది.

నాలుగింటికి వెలిగింది. అక్క పన్నుని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. నాకు ఏడుపొచ్చింది. వెలిగిందని అతనికి రాశాను. మీ నోట మొదటిసారి ఈ మాట వింటున్నాను అన్నాడు. దానికీ చురుక్కుమంది.

మార్చి 7

పళ్లు వెళ్లాయి. డాక్టరమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే బాగున్నట్టే.

మార్చి 19

గుడ్లగూబ పేజీ మొత్తం నాకు అప్పగించేశాడు. కార్డున్న మనిషి దగ్గరే డ్రైవర్ ఉండాలట. డ్రైవర్ రాసే సి లాంగ్వేజ్ నాకు సగమే వచ్చని మొత్తుకున్నాను. తన దగ్గర కార్డు సగం కూడా లేదన్నాడు. అదింకో కోపం.

దీనికి జీతమెవరిస్తారని బావ అడిగాడు. నేను చూసిన చూపుకి సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

మే 12

కొత్త కెర్నల్. బావ వేలు. నల్ల తెర.

పేజీ తెరిచి కడుపారా తిట్టు రాశాను. డ్రైవర్‌ని చూసుకునే మెయింటైనర్ అన్న చోట ఇప్పుడు నా పేరుంది.

అయినా పంపాను.