రాహుకాలంలోపు మొదటి మాట

శుక్రవారం, పడుకునే ముందు

గొంతులో గొట్టం పెట్టి మూడు నెలలైంది. మాట తెప్పించే వాల్వును ఈరోజు మొదటిసారి ఇంట్లో పెట్టుకున్నాను. పెట్టుకున్నాను అనకూడదు, పెట్టారు.

ఆస్పత్రిలో నర్సమ్మ నిన్న మా ఆయనకూ నాకూ కలిపే చూపించింది. గొట్టం చుట్టూ ఉన్న బెలూన్‌లో గాలిని సిరంజితో పూర్తిగా తీశాకే వాల్వు పెట్టాలి. లేకపోతే పీల్చిన ఊపిరి బయటికి రాదు. ఆయన తలూపాడు. ఆయన అన్నిటికీ తలూపుతాడు.

పొద్దున అత్తమ్మ ఒకటే తొందర. "పదిన్నరకు రాహుకాలం వస్తాది, బిర్నా పెట్టు నాయనా. మొదటి మాట గోవిందా అని రావల్ల." నేను సిరంజి వైపు చూపిస్తూనే ఉన్నాను. "అది మళ్ళా సూస్తాంలే, ముందు గోవిందా అను" అంటూ ఆయన వాల్వు బిగించేశాడు.

ఊపిరి లోపలికి పోయి అక్కడే ఆగిపోయింది. నేను చేతులెత్తి కొట్టుకుంటుంటే, దండం పెడుతున్నాననుకుంది అత్తమ్మ. వాల్వు నేనే పీకేశాను.

దగ్గు తగ్గాక బెలూన్‌లో గాలి సిరంజితో నేనే తీసేసి, వాల్వు నేనే పెట్టుకున్నాను. గరగరలాడింది కానీ అది నా గొంతే. "సంపేస్తా ఉంటిరి కదా" అన్నాను.

అత్తమ్మ మొహం మాడ్చుకుంది. "దేవుని పేరు రాలే, తిట్టు వచ్చినాది. మూణ్ణెల్లు ఇల్లు ఎంత నిమ్మళంగా ఉండె!" ఆయన దానికీ తలూపాడు.

నిద్రలో వాల్వు ఉండకూడదు. ఇందాక తీసి డబ్బాలో పెట్టి మూత వేస్తుంటే ఆయన మెల్లగా అడిగాడు: "రేపు కూడా పెట్టుకోవాల్నా?"