లాయర్ గారింట్లో ఉండే మనిషి

డియర్ సెక్రటరీ గారికి,

నమస్తే. నా పేరు చెప్పలేను. ఇంగ్లీషులో రాద్దామనుకున్నాను కానీ మీ నోటీసు తెలుగులో ఉంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. ఒత్తులు తప్పయితే ఏమీ అనుకోకండి. మా స్కూల్లో తెలుగు పీరియడ్ లంచ్ తర్వాత ఉంటుంది, అందరం నిద్రపోతాం.

లాయర్ గారు కళ్ళజోడు మర్చిపోతే ఇవ్వడానికి కోర్టుకి వెళ్ళాను. అక్కడ గోడ మీద మీ నోటీసు ఉంది. డబ్బున్నవాళ్ళతో సమానంగా పేదవాళ్ళకి కూడా న్యాయం దొరికేలా పనిచేసినవాళ్ళకి అవార్డు ఇస్తామనీ, ముగ్గురి పేర్లు అనుకున్నామనీ, ఎవరికైనా అభ్యంతరం ఉంటే రాయమనీ ఉంది. నాకు ఉంది. రెండో పేరు మా అమ్ లాయర్ గారిది. (కొట్టేసింది పట్టించుకోకండి.) ఆవిడకి ఇవ్వకండి.

ఎందుకంటే అవార్డు వచ్చినవాళ్ళు రెండేళ్ళు ఊరూరా తిరిగి ఉచిత న్యాయ కేంద్రాలు పెట్టించాలని కింద చిన్న అక్షరాల్లో రాశారు. ఇప్పుడే ఆవిడ ఇంట్లో ఉండరు. ఉన్నా ముందుగదిలో ఉంటారు, చుట్టూ జనం. రెండేళ్ళు వెళ్ళిపోతే నా గతేంటి?

ఇంకో సంగతి. ఆవిడ అందరికీ సమానం అంటారు కదా, అబద్ధం. కుట్టుమిషనావిడ అని ఒకావిడ వస్తుంది. ఇంటి ఓనరు వాళ్ళ గదికి తాళం వేసేశాడు, మిషను లోపల ఉండిపోయింది. ఆవిడతో పాటు కూతురు వస్తుంది. ఆ అమ్మాయికీ నా వయసే. లాయర్ గారు ఆ అమ్మాయి ఏం చెప్పినా చెయ్యి పట్టుకుని వింటారు. "తొందరేం లేదు బంగారం, నెమ్మదిగా చెప్పు" అంటారు. అదే నేను నోరు తెరిస్తే, "పాయింటుకి రా" అంటారు. ఇది సమానమా?

దయచేసి ఈ ఉత్తరం చదివి చింపేయండి. జవాబు మా ఇంటికి వద్దు, కవరు మీద రాసిన స్టేషనరీ షాపుకి పంపండి. షాపు అంకుల్ మంచాయన, ఏమీ అడగరు.

ఇట్లు,
లాయర్ గారింట్లో ఉండే మనిషి

తా.క.: మొన్న ఆ అమ్మాయి చెప్పు ఒకటి సోఫా కింద దాచేశాను. లాయర్ గారు వెతికి వెతికి, చివరికి ఆ అమ్మాయికి నా చెప్పులిచ్చి పంపించేశారు.

*

లాయర్ గారింట్లో ఉండే మనిషికి,

పురస్కార సంఘం కార్యదర్శి నమస్కరించి రాయునది. తమ అభ్యంతరం అందింది. చింపలేదు. వచ్చిన కాగితం చింపడం నా వల్ల కాదు, ముప్ఫై ఏళ్ళు కోర్టులో బెంచి గుమస్తాగా చేసి రిటైరైనవాణ్ణి.

తమరు కొట్టేసిన చోటు దీపం ముందు పెట్టి చూశాను. "మా అమ్" అని కనిపించింది. "మా అమ్మగారు" అని రాయబోయి భయపడి ఆగారని గ్రహించాను. తమరు ఆ ఇంట్లో ఎవరో దాంతో నాకు అర్థమైంది. ఇంకేం చెప్పక్కర్లేదు, దాచుకోవాల్సిన అవసరమూ లేదు. ఈ సంఘం ఉన్నదే తమలాంటివాళ్ళ కోసం.

విచారణకి కొన్ని వివరాలు కావాలి. ఆ ఇంట్లో తమరు చేసే పనులేమిటి? ఎప్పటినుంచి ఉంటున్నారు? వయసెంత? జీతమెంత? పడక ఎక్కడ? ఇంకా ఎవరెవరున్నారు? ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: నాకు ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క సర్టిఫికెట్టు కూడా ఇవ్వలేదు. నా పక్క సీటువాడికి మాత్రం రెండిచ్చారు. వాడు కోర్టు హాల్లో గురకపెట్టేవాడు. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ అవార్డులకి కవర్లు అంటించడం నా పని. కాబట్టి పక్కవాణ్ణి చూస్తే కడుపులో ఎలా ఉంటుందో నాకు తెలుసు.

*

డియర్ సెక్రటరీ గారికి,

మీరు కనిపెట్టేశారని చదవగానే అట్లాసు టప్పున మూసేశాను. క్లాసులో మ్యాప్ పాయింటింగ్ జరుగుతుంటే మీ ఉత్తరం అందులో పెట్టుకుని చదివాను. అయినా మీకు తెలిసిపోయింది కాబట్టి ఇక దాచను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయండి. లాయర్ గారికి తెలిస్తే నా పని అయిపోతుంది.

మీ ప్రశ్నలకి జవాబులు.

పనులు: తలుపు తీస్తాను. వచ్చినవాళ్ళకి నీళ్ళిస్తాను. టీ కప్పులు కడుగుతాను. చాలా కప్పులుంటాయి. ఏడ్చేవాళ్ళు రెండు కప్పులు తాగుతారు. ఫైళ్ళు మోస్తాను, జెరాక్స్ తీయించుకొస్తాను.

ఎప్పటినుంచి: పుట్టినప్పటినుంచి. వయసు పదిహేను. జీతమా? నవ్వొచ్చింది. ఏమీ ఇవ్వరు. ఎప్పుడైనా చిల్లర ఇచ్చి, "లెక్క చెప్పు" అంటారు.

పడక: నాకు మంచం ఉంది. కానీ ఊరి బయటనుంచి ఎవరైనా ఆడవాళ్ళు వచ్చి బస్సు దొరక్కపోతే నా మంచం వాళ్ళకిస్తారు. అప్పుడు నేను ముందుగదిలో బెంచీ మీద, క్లయింట్లు కూర్చునే బెంచీ. దానికి ఒక మేకు పైకి ఉంది.

ఇంకా ఎవరున్నారు: మా అమ్మ ఉంది, మీకు తెలిసిందే. ఆవిడ పగలూ రాత్రీ పనిచేస్తూనే ఉంటుంది. ఒక్కోసారి భోజనం నిలబడే తింటుంది. ఇంకొకాయన ఉన్నారు, వంట ఆయనే చేస్తారు. బస్ డిపోలో ఉద్యోగం చేసి వచ్చి మళ్ళీ వంట. లాయర్ గారు పప్పులో ఉప్పు లేదంటే, "రేపు వేస్తాను" అంటారు. ఎదురు చెప్పరు.

నా పుట్టినరోజు లాయర్ గారు మర్చిపోయారు. కుట్టుమిషనావిడ కూతురి పరీక్ష మాత్రం గుర్తుంది. హాల్ టికెట్ పెట్టుకోవడానికి ప్లాస్టిక్ కవరు కొనిచ్చారు. నా హాల్ టికెట్ మడతలు పడిపోయింది. ఇది కూడా రాసుకోండి.

ఇట్లు,
మీకు తెలిసిన మనిషి

తా.క.: ఆ అమ్మాయి నా చెప్పులు తిరిగి తెచ్చింది. తుడిచి తెచ్చింది. దాంతో ఇంకా మంటగా ఉంది.

*

అమ్మాయీ,

తమరు అనడానికి మనసొప్పక ఇలా రాస్తున్నాను. నీ ఉత్తరం సంఘం ముందు చదివాను. చదువుతూ రెండుసార్లు ఆగాను. అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన అలా పెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు.

మేము లెక్క వేశాం. నువ్వు, మీ అమ్మ, ఆ వంటాయన. ముగ్గురు. ముగ్గురికీ జీతం లేదు. వంటాయన బయట సంపాదించింది కూడా ఆ ఇంట్లోనే పెడుతున్నట్టుంది. మీ అమ్మ తర్వాత నువ్వు, అంటే రెండు తరాల వెట్టిచాకిరి. పదిహేనేళ్ళ పిల్లకి మేకు ఉన్న బెంచీ. ఇదంతా పేదల న్యాయం కోసం పాటుపడుతుందని మేము మెచ్చుకున్న మనిషి ఇంట్లో.

ఆవిడ పేరు అవార్డు జాబితానుంచి ప్రస్తుతానికి పక్కన పెట్టాం. అంతటితో వదలం. విచారణ జరుగుతుంది. మీ ముగ్గురినీ అక్కణ్ణించి విడిపించే పూచీ నాది.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: మీ అమ్మకీ వంటాయనకీ మధ్య సఖ్యత ఎలా ఉంది? విడిపించాక ఇద్దరినీ ఒకే చోట ఉంచవచ్చా, వేర్వేరుగానా అని సంఘం అడుగుతోంది.

*

డియర్ సెక్రటరీ గారికి,

సర్, ఆపండి. దయచేసి ఆపండి. మీకు ఏదీ తెలియలేదు. నేనే తెలిసిందనుకున్నాను.

లాయర్ గారు చెడ్డావిడ కాదు. నన్ను కూతురిలాగే చూస్తారు. జ్వరం వస్తే పక్కనే కూర్చుని ఫైలు చదువుకుంటారు, ఇంకో చెయ్యి నా నుదుటి మీదే ఉంటుంది. మంచి స్కూల్లో చేర్పించారు. మేకు కూడా నిన్న కొట్టేశారు, నేను చెప్పకుండానే. దానికి తగిలి నా చున్నీ చిరిగింది చూశారు.

నిజం చెప్పేస్తున్నాను. నేను కూతురిలా కాదు, కూతుర్నే. మా అమ్మే లాయర్ గారు. వంటాయన మా నాన్న. నాన్నకి వంటంటే ఇష్టం, ఉప్పే కుదరదు. వాళ్ళిద్దరినీ ఒకే చోట ఉంచండి, విడదీయకండి.

కుళ్ళుతో రాశాను సర్. అమ్మ ఇంకో అమ్మాయిని బంగారం అంటే ఒళ్ళు మండింది. ఇప్పటికే మా అమ్మని ఊరంతా పంచుకుంటోంది, నాకు మిగిలేది కొంచెం. అవార్డు వచ్చి రెండేళ్ళు వెళ్ళిపోతే అది కూడా మిగలదని భయమేసింది. అంతే. జైల్లో పెట్టమని కాదు.

అమ్మకి ఈ సంగతి చెప్పకండి. ఆవిడ అరవరు. ఏమీ అనకుండా చూస్తారు. కోర్టులో అబద్ధం చెప్పేవాళ్ళని అలాగే చూస్తారట, వాళ్ళు నిజం ఒప్పేసుకుంటారట.

ఇట్లు,
నిజంగా కూతురు

తా.క.: రుజువు కావాలంటే, నా ముక్కూ ఆవిడ ముక్కూ ఒకటే. అందరూ అంటారు. నాకు నచ్చదు కానీ ఇప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను.

*

అమ్మాయీ,

నీ ఉత్తరం చూసి గుండె తరుక్కుపోయింది. పక్కన నిలబడి రాయించారని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది.

"కూతురిలా చూస్తాం" అనే మాట బెంచి గుమస్తాగా నేను ఎన్ని కేసుల్లో విన్నానో. పనిపిల్లని పెట్టుకున్న ప్రతి ఇంటివాళ్ళూ బోనెక్కి చెప్పే మొదటి మాట అదే. తనిఖీకి ఎవరైనా వస్తే "కూతుర్నే" అని చెప్పమని నేర్పించడం రెండో మెట్టు. నీ చేత ఆ మెట్టు కూడా ఎక్కించారు. వంటాయన్ని నాన్న అని చెప్పించడం మాత్రం నేను ఇదివరకు ఎక్కడా చూడలేదు. మేకు హడావిడిగా కొట్టించడం సాక్ష్యం చెరిపేయడమే. అది కూడా ఫైల్లో చేర్చాను.

భయపడకు. కన్నతల్లి ఎవరూ తన బిడ్డ చేత అన్ని కప్పులు కడిగించదు.

బాధితులు పేదవాళ్ళయితే ఉచితంగా లాయర్ని పెట్టడం మా పద్ధతి. మీ పేటలో ఉచిత సహాయం చేసే లాయరుకి నీ ఫైలు పంపించాను. లాయరుకి ముందే ఎవరి మీదా అభిప్రాయం ఏర్పడకూడదని ఉత్తరాలు టైపు చేయించి, పేర్లూ, ఆ ఇంటావిడ ఏం చేస్తుందో తెలిపే మాటలూ, ఆ ఇంటికొచ్చేవాళ్ళ ఆనవాళ్ళూ నల్లసిరాతో కొట్టేసి పంపుతాం. ముక్కు సంగతి కూడా కొట్టేశాను, ఎందుకైనా మంచిదని. ఏ పేటకి ఏ లాయరో చూసి పంపేది ఆఫీసువాళ్ళు, నాకు కూడా చెప్పరు. చాలా పకడ్బందీ ఏర్పాటు. నేనే పెట్టించాను.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: మా ఇంటావిడ నీ ఉత్తరాలన్నీ చదివి ఏడ్చింది. అక్కణ్ణించి బయటపడ్డాక మా ఇంటికి వచ్చేయమంటోంది. సొంత కూతురిలా చూసుకుంటాం. మా ఇంట్లో కప్పులు కూడా ఎక్కువ ఉండవు.

*

చిరంజీవి, పేరు తెలియని నా క్లయింటుకి,

నేను నీ లాయర్ని. నీ ఫైలు నిన్న చేరింది. నిండా నల్లసిరా. అయినా మిగిలింది చాలు. రాత్రి భోజనం పక్కన పెట్టి చదివాను.

ముందుగా ఒక మాట. నీ తప్పేమీ లేదు. ఎవరి మీదో అసూయపడ్డానని సిగ్గుపడుతూ రాశావు. ఆకలేసినవాడు పక్కవాడి కంచం చూడడం నేరం కాదమ్మా.

ఆ ఇంటావిడ ఎవరో గానీ వదిలిపెట్టను. ఇంట్లో పిల్ల ఏం తింటోందో, ఎక్కడ పడుకుంటోందో పట్టని మనిషికి మనసుందని ఎలా అనుకోవాలి? కోర్టులో ఆవిడని నాలుగు ప్రశ్నలు అడుగుతాను. పిల్ల పుట్టినరోజు ఎప్పుడమ్మా అనేది మొదటిది.

నాకూ నీ ఈడు కూతురుంది. దానికి ఏ లోటూ లేదు, నోరెత్తి ఏదీ అడగదు. అది అలా ఉంది కాబట్టే నేను నీలాంటివాళ్ళ కోసం తిరగగలుగుతున్నాను. ధైర్యంగా ఉండు.

ఇట్లు,
నీ లాయరు

తా.క.: పైన ఉన్నది పొద్దున రాశాను. నా క్లయింట్లలో చాలామందికి చదవడం రాదు. అందుకని ఉత్తరం నేనే తీసుకెళ్ళి చదివి వినిపిస్తాను. నీకు చదవడం వచ్చని తెలిసినా అలవాటుగా బయల్దేరాను. స్టేషనరీ షాపుకి వెళ్ళి, ఈ ఉత్తరాలు అందుకునే పిల్ల ఎక్కడుంటుందని అడిగాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "మీ ఇంట్లోనే కదమ్మా" అన్నాడు.

షాపు మెట్ల మీద కూర్చుని ఫైలు మళ్ళీ చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఆ ఇంటావిడ మీద కోపం వచ్చింది. రెండోసారి కూడా ఆవిడ మీదే వచ్చింది. నీ మీద రాలేదు. వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను కూడా.

సెక్రటరీ గారికి ఫోన్ చేసి, ఆవిడ నేనేనని చెప్పాను. నన్నెవరైనా బెదిరించి మాట్లాడిస్తున్నారా అని మూడుసార్లు అడిగారు. మీ నాన్నని కూడా లైన్లోకి పిలిచాను. "మీరు వంటాయనేనా?" అన్నారట. ఈయన, "అవునండీ" అన్నారు. దాంతో కథ మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి అధ్యక్షులవారు ఫోన్ తీసుకున్నాక తేలింది. నా పేరు మళ్ళీ జాబితాలో పెట్టారు. రెండేళ్ళ తిరుగుడు సంగతి మాత్రం నా క్లయింటుతో మాట్లాడకుండా జవాబు చెప్పనన్నాను. క్లయింటు వద్దంటే ఆ అవార్డు మూడో పేరావిడకి ఇచ్చేయమన్నాను. ఆవిడా మంచి లాయరే, అయినా కాస్త కుళ్ళుకుంటూనే చెప్పాను.

ఒకే లాయరు రెండు పక్షాలకీ వాదించకూడదు. బాగా ఆలోచించి ఆ ఇంటావిడ కేసు వదులుకున్నాను. నీ కేసే తీసుకుంటున్నాను. ఆదివారం పొద్దున ముందుగదికి రా. లోపల గడియ పెడతాను. బయట ఎవరొచ్చినా మీ నాన్న నీళ్ళిస్తారు, కప్పులు కూడా ఆయనే కడుగుతారు. మొదటినుంచీ చెప్పు. పాయింటుకి రానక్కర్లేదు.

భయపడకు. క్లయింటు చెప్పింది లాయరు ఎవరికీ చెప్పకూడదు, అది చట్టం. నేనూ చెప్పను. మీ అమ్మకి కూడా.