ఎడమ రెక్క వంచిన విమానం

ఫ్రెన్‌స్టాట్, శనివారం

బామ్మా, నేను కులాసా. ఒక్క ఎముకా విరగలేదు.

మధ్యాహ్నం స్కీ జంప్ కొండ మీద, నా వంతుకు బల్లపై కూర్చున్నాను. దూకమని కోచ్ జెండా దించాడు. సరిగ్గా అప్పుడే ఒక పాత పసుపు విమానం ఎడమ రెక్క రెండుసార్లు వంచుతూ నా ఎదురుగా పోయింది. నేను కదల్లేదు. మరుక్షణం వీచిన గాలికి కింద గుడారమే లేచిపోయింది.

"ఏ విమానమే? ఊళ్లో విమానాల ప్రదర్శనకు తెచ్చినవన్నీ పొద్దుటి నుంచి తాళ్లతో కట్టేసి ఉంటే!" అని కోచ్ కసిరాడు.

మోకాలికి మందు రాస్తున్నావా?

బతికున్నప్పుడు తాతయ్య భోజనానికొస్తూ తన విమానంతో ఇంటి మీద రెక్క అలాగే వంచేవాడనీ, అది చూశాకే కుడుములు ఉడకేసేదానివనీ చెప్పావుగా. మళ్లీ ఆ విమానం చప్పుడు వినబడితే, నీకు పుణ్యముంటుంది, పొయ్యి వెలిగించకు; ఈసారి తాతయ్య నిన్ను తీసుకుపోవడానికే వస్తాడేమో.

నీ యార్మిలా